తేలూరులో బీపీ ఎవరికి

రాత 1
గాలి నైరుతి. నీళ్ల రుచి బాగుంది. నా అంకె 18.

అరవాలనిపించినప్పుడల్లా రాసుకోమని నర్సమ్మ సుగుణగారు రాసింది చెరిగిపోని ఈ పలక ఇచ్చింది. అలాగైతే ప్లాంటు పని మానేసి రోజంతా రాస్తూనే కూర్చోవాలి కదా అని అడిగాను. మామూలుగానే అడిగాననుకున్నాను. బయట వరసలో నిలబడ్డవాళ్లలో ఇద్దరు మందులు వద్దనుకుని వెళ్లిపోయారట. సరే, రాస్తున్నాను.

నా పేరు నూకరాజు. వయసు యాభై మూడు. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసి మంచినీళ్లు చేసే ప్లాంటు నాది. నాది అంటే పంచాయతీది, కానీ దాని మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఊరుకోను. ఊరి పేరు తేలూరు. తీరంలోని పాత ఊళ్లు నీళ్లలో కలిసిపోయాక, పడవలూ బల్లకట్లూ వరసలు వరసలుగా కలిపి కట్టుకున్న తేలే ఊరు కాబట్టి ఆ పేరు. ఒడ్డు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు తేళ్లుంటాయేమోనని చెప్పులు దులుపుకుంటారు. నాతో ఒకసారి మాట్లాడాక, ఉన్నది ఒక్కటేలే అని కుదుటపడతారు.

ఊళ్లో నన్ను బీపీ నూకరాజు అంటారు. ఇక్కడ ఎవరికైనా కోపం వస్తే బీపీ వచ్చిందంటారు, ఎక్కువ కోపం వస్తే బీపీ లేచిందంటారు. నాది లేచే ఉంటుంది. పోయిన నెల ఒడ్డు నుంచి కొన్ని కడియాలు వచ్చాయి. చేతికి తొడుక్కుంటే రాత్రీ పగలూ రక్తపోటు చూస్తూ ఉంటాయి. ఊరందరికీ సరిపడా లేవు. ఎవరికివ్వాలో తెలియక పంచాయతీవాళ్లు వరస వరసకీ వెళ్లి, మీలో బీపీ ఎక్కువ ఎవరికి అని అడిగారు. జనం తమ వరసలో అరిచేవాళ్ల పేర్లన్నీ చెప్పేశారు. నా పేరు ప్రతి వరస నుంచీ వచ్చింది, నేను ఎప్పుడూ అడుగుపెట్టని వరసల నుంచి కూడా.

కడియం మీద ఒక అంకె కనపడుతుంది. రక్తపోటు, వయసు, పాత చుట్టల అలవాటు, అన్నీ కలిపి వేసిన పదేళ్ల లెక్క అది. పద్ధెనిమిది అంటే, నాలాంటివాళ్లు వందమంది ఉంటే పదేళ్లలో పద్ధెనిమిది మందికి గుండెపోటో పక్షవాతమో తప్పదని. ఇరవై దాటితే ప్లాంటులో ఒంటరిగా పని చెయ్యకూడదట. తాళాలు తీసేసుకుంటారు. అప్పుడు నేను రోజంతా ఇంట్లో ఉండాలి. ఆ మాట విని నాకంటే మా ఆవిడ వరాలు ఎక్కువ బెంగపెట్టుకుంది.

రాత 2
గాలి లేదు. నీళ్లు బాగున్నాయి. అంకె 19.

మూడో వరసలో ఒకావిడ మంచినీళ్ల కొళాయి కింద చేపలు కడుగుతోంది. చుట్టూ సముద్రం పెట్టుకుని. నేను మొదట ఏమీ అనలేదు. తర్వాత అన్నది చివరి వరసదాకా వినపడిందట. రక్తపోటు ఒక్కసారిగా ఎగిరేసరికి చేతికున్న కడియం ఎర్రబడి కూత పెట్టింది. ఆవిడ చేపలు వదిలేసి, నన్ను కూర్చోబెట్టి, నా ప్లాంటు నీళ్లే ఒక గ్లాసు నాకు తాగించి, విసనకర్రతో విసిరింది. తిట్టినవాడికి సేవలు చేస్తే ఇంకేం తిడతాం? లేచి వచ్చేశాను.

ఇంకొక్క అంకె పెరిగితే ఇరవై. భయంగా ఉంది. ఈ పని తప్ప నాకు ఇంకొకటి రాదు. మనుషులతో చేసే పని అయితే మొదటి రోజే పంపేస్తారు.

సాయంత్రం మా బావ అప్పలకొండ వచ్చి పక్కన కూర్చున్నాడు. వరాలుకి అన్నయ్య. ఊరిని సముద్రం అడుగుకి కట్టి ఉంచే గొలుసులన్నీ ఆయన చేతిమీదే ఉంటాయి. తుఫాను ముందు నీళ్లలోకి దిగి వాటి కొక్కేలు బిగించి వస్తాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఇంకెవర్నీ దిగనివ్వడు. జన్మలో గొంతు పెంచి ఎరగడు. ఆయన మాట ఎంత మెల్లగా ఉంటుందంటే, వినాలంటే చుట్టుపక్కలవాళ్లు నోరు మూసుకోవాలి. అందుకే ఊళ్లో ఏ తగువొచ్చినా ఆయన్నే పిలుస్తారు. ఆయన ఏదో అంటాడు, ఏమన్నాడో వినడానికి అందరూ ఆగుతారు, ఆగేసరికి తగువు చల్లారిపోతుంది.

నాకు పిల్లనిచ్చేటప్పుడు వాళ్ల మేనమామలందరూ వద్దన్నారు. ఈ కోపిష్టివాడికా అన్నారు. బావే ఒప్పించాడు. అరిచేవాడు లోపల ఏదీ దాచుకోడు, పిల్ల సుఖపడుద్ది అన్నాడట. సుఖపడిందో లేదో నేను ఇంతవరకూ అడగలేదు, ఏం చెబుతుందోనని.

ఆయన ఎండుచేప నములుతూ నవ్వుతూ కూర్చుంటే, నాకు ఒక ఉపాయం తట్టింది. నాకు తట్టిన ఉపాయాల చరిత్ర తెలిసినవాడెవడైనా అక్కడే ఆపేవాడు.

రాత 3
గాలి తూర్పు. అంకె 19.

ఉపాయం ఇది. నా కడియం బావ చేతికి తొడగాలి. ఆయన శాంతం దానికి పట్టి అంకె దిగుతుంది. మనిషిని గుర్తుపట్టే కన్నొకటి కడియానికి ఉండేదట గానీ, ఉప్పుగాలికి అది ఎప్పుడో చచ్చిపోయింది. కాస్త సబ్బు రాస్తే జారి వచ్చేస్తుంది.

బావ ఎందుకని కూడా అడగలేదు. నీకు పనికొస్తుందంటే కట్టవయ్యా అని చెయ్యి చాపాడు. నిండు చేతుల చొక్కా వేసుకుంటాడు కాబట్టి ఎవరికీ కనపడదు. వారానికొకసారి నర్సమ్మ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం నేను తీసుకుని తొడుక్కుంటాను.

నేను ఇంత తెలివైనవాణ్ణని ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించలేదు.

రాత 4
గాలి తూర్పు. నీళ్లు బాగున్నాయి. అంకె 21.

రెండు పెరిగింది.

నర్సమ్మ కళ్లజోడు పైకి తోసి నాకేసి చూసింది. ఈ వారం ఎవరిమీదైనా అరిచారా అంది. లేదన్నాను. అది నిజం కాదు, కానీ ఆ అరుపులు కడియానికి తెలిసే వీలు లేదు కదా. తాళాలు వెంటనే అడగలేదు. ప్లాంటు నడపడం వచ్చినవాడు ఇంకొకడు లేడు, ఒడ్డు నుంచి మనిషిని పిలిపించేదాకా గడువిచ్చారు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఇన్నాళ్లూ నా చేతికే ఉంది కాబట్టి నా కోపమంతా ఆ కడియంలో ఊరిపోయి ఉంటుంది, ఆవకాయలో ముక్కలాగ. అది దిగిపోవాలంటే ఇంకొన్నాళ్లు పడుతుంది. స్నానానికి కూడా తియ్యొద్దని బావతో చెప్పాను. సరేనన్నాడు పాపం.

రాత 5
గాలి మారింది. అంకె 25.

మాత్రలు ఇచ్చారు. రోజుకి రెండు. ఉప్పు బంద్. ఊరగాయ బంద్. ఎండుచేప పేరు కూడా ఎత్తకూడదు. పగలంతా సముద్రంలోంచి ఉప్పు తీసి ప్లాంటు వెనక కుప్పలు పోసేది నేను. ఊరంతా దాన్ని ఊరికే పట్టుకుపోయి చేపల్లో, పచ్చళ్లలో, ఆఖరికి మజ్జిగలో కూడా గుప్పిళ్లతో వేసుకుంటుంది. నా కంచంలోకి మాత్రం చిటికెడు లేదు. వరాలు చప్పటి పులుసు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటోంది. మాత్ర మింగాక నోరు తెరిచి చూపించమంటోంది. ఆ నోరు తెరుచుకోవడం చూసి ఊరు భయపడుతుందిగానీ ఆమె ఎప్పుడూ భయపడలేదు.

నిన్న ఆమె వంటగది మూల నిలబడి కళ్లు తుడుచుకోవడం చూశాను. ఇరవై అయిదంటే వందలో పాతికమంది కదా మావా అంది. ఏం చెప్పను? ఆ అంకె నాది కాదు, మీ అన్నయ్య చేతిమీద ఉన్న కడియానిది, అది పాడైపోయింది అని చెప్పొచ్చు. చెప్తే మోసం బయటపడి, ఇచ్చిన గడువు కూడా లేకుండా తాళాలు పోతాయి. ఏం కాదులే అని కసిరాను. కసిరితే ఆమెకి ధైర్యం వస్తుంది. నేను మెత్తగా మాట్లాడిన రోజు నిజంగా ఏదో అయిందనుకుంటుంది.

ఈ మధ్య లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. చప్పటి పులుసు వల్లే అయి ఉంటుంది.

రాత 6
నీళ్ల రుచి గురించి మాట్లాడకపోవడం మంచిది.

నిన్న పొద్దున్న ప్లాంటులో వంగి మీట సరిచేసి పైకి లేచాను. అంతే గుర్తుంది. తెలివి వచ్చేసరికి నేలమీద ఉన్నాను. నేను పడేటప్పుడు ఏ మీటని పట్టుకున్నానో గానీ, సముద్రపు నీళ్లు వడపోతలోకి వెళ్లకుండా నేరుగా ఊరి కొళాయిల్లోకి వెళ్లాయి. ఊరంతా ఉప్పు టీ తాగింది. ఏడో వరసవాళ్లు మాత్రం తేడా ఏమీ తెలియలేదన్నారు. వాళ్ల వంటలు నాకు ముందే తెలుసు.

నర్సమ్మ పరుగున వచ్చింది. కడియం ఆ సమయానికి నా చేతికి లేదు, స్నానానికి తీశానని అబద్ధమాడాను. ఆవిడ సంచిలోంచి పాత మిషను తీసింది. జబ్బకి గుడ్డ పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి గాలి కొట్టేది. ఒకసారి కొట్టి చూసింది. మళ్లీ కొట్టింది. నా బీపీ పడిపోయిందట. పై అంకె తొంభై కూడా లేదు.

"ఇరవై అయిదు చూపించిన మనిషికి ఇంతలో ఇంత పడిపోదండీ. మాత్రలు మింగింది మీరే కదా. కడియం తొడుక్కున్నది కూడా మీరేనా?"

నేనే అన్నాను. గొంతు మెల్లగా వచ్చింది. అప్పుడే ఆవిడకి అనుమానం గట్టిపడి ఉంటుంది. మాత్రలు ఆపెయ్యమని చెప్పి వెళ్లిపోయింది.

రాత 7
గాలి తూర్పు, జోరుగా. తుఫాను కబురు వచ్చింది.

మధ్యాహ్నం మంచం మీద పడుకుని మొదటిసారి బుర్ర పెట్టి ఆలోచించాను. మాత్రలు మింగితే నా బీపీ పాతాళానికి పోయిందంటే, నాకు అసలు బీపీ లేదన్నమాట. కడియం పాడైందనుకుందామంటే, నా చేతికి ఉన్నంతకాలం, వయసూ పాత చుట్టలూ అరుపులూ అన్నీ కలిపినా పద్ధెనిమిది, పంతొమ్మిది దాటలేదు. బావ చేతికి వెళ్లాకే ఎక్కడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లు ఆయన చేతికి ఉంచితే అంత పెరిగింది.

మంచం మీద లేచి కూర్చున్నాను. ఆ బీపీ బావది.

వాళ్ల నాన్న సంగతి గుర్తొచ్చింది. ఆయనా ఇంత శాంతమూర్తే. ఇలాగే నవ్వు మొహం, ఇలాగే ఎండుచేప, ఇలాగే చుట్ట. యాభై తొమ్మిదో ఏట వల అల్లుతూ అల్లుతూ, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఊరంతా అదృష్టవంతుడంది. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, పుణ్యాత్ముడు అంది. బావ ఇప్పటికీ ఆ చావు గురించి మురిపెంగా చెబుతాడు.

ఎల్లుండి పొద్దున్న బావ గొలుసులు బిగించడానికి దిగుతాడు. ఊపిరి బిగబట్టి, అడుగున, ఒక్కడే.

రాత 8
గాలి పెరుగుతోంది.

పొద్దున్నే బావ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన తాడు చుట్టుకుంటూ విన్నాడు. పూర్తయ్యాక, నాకు ఒంట్లో బాగాలేక ఏదేదో మాట్లాడుతున్నానని తేల్చాడు. తలనొప్పి లేదు, ఆయాసం లేదు, నిన్ననే అడుగుదాకా వెళ్లొచ్చాను అన్నాడు. నాకు బీపీ ఏంటి బావా, నేనెప్పుడన్నా ఒకర్ని మాట అన్నానా అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కొంచెం నొచ్చుకున్నాడు. ఊరికే పెద్దమనిషిని పట్టుకుని నువ్వు కోపిష్టివి అన్నట్టు వినపడింది ఆయనకి.

నాకు నిజంగానే ఒళ్లు మండింది. అరిచాను. గడప దగ్గరికి జనం చేరారు. బీపీ నూకరాజు పాపం బావమీద కూడా పడ్డాడు అనుకున్నారు. బావ నా భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది, ఆ చేతికి నా కడియం ఉంది. దానిమీద ఇరవై ఎనిమిది కనపడుతోంది. నవ్వుతున్న మనిషి చేతిమీద.

ఇంక నా తాళాల సంగతి చూసుకునే వేళ కాదు. తిన్నగా నర్సమ్మ దగ్గరికి వెళ్లి, తర్వాత పంచాయతీకి వెళ్లి, కడియం మార్చానని చెప్పేశాను. పరువు గంగలో కలిసింది. మేము ఉండేదే గంగలో కాబట్టి దూరం పోలేదు, అక్కడక్కడే తేలుతోంది.

రాత 9
అదే రోజు. పలక నిండా రాసినా తీరేటట్టు లేదు.

సాయంత్రం సభ బల్లకట్టు మీద ఊరంతా చేరింది. నేను కడియం మార్చానంటే నమ్మారు, నా గురించి ఏం చెప్పినా నమ్ముతారు. అప్పలకొండకి బీపీ ఉందంటే మాత్రం నవ్వారు. నర్సమ్మ పాత మిషను బల్లమీద పెట్టింది. ఇద్దరికీ అందరి ముందూ చూద్దాం, ముందు నూకరాజు గారు, బాగా కోపంలో ఉన్నప్పుడు అంది. పట్టీ చుట్టి, అరవండి అంది.

అరవలేకపోయాను. యాభై మూడేళ్ల జీవితంలో ఎవరూ అరవమని నన్ను బతిమాలలేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది. జనం ప్రోత్సహించారు. చేపలు కడిగినావిడ అయితే, కావాలంటే ఇప్పుడే కొళాయి కింద కడుగుతానంది. అయినా రాలేదు. అప్పుడు బావ మెల్లగా లేచాడు. అందరూ నోరు మూసుకున్నారు.

"వొదిలెయ్యండి పాపం. మా బావకి నామీద పేణం. ఏవో ఊహించుకున్నాడు. రేపు గొలుసులు చూసొచ్చాక నేనే నచ్చజెప్తాను."

రేపు గొలుసులు అనేసరికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ఏమన్నానో మొత్తం గుర్తులేదు, పలక మీద రాయదగ్గది కాదు. నువ్వు నవ్వుతూ పోతే నీకు బాగానే ఉంటుంది, మీ నాన్న లాగా నీకూ అదృష్టవంతుడని పేరొస్తుంది, ఇక్కడ మిగిలినవాళ్ల సంగతేంటి అన్నది మాత్రం గుర్తుంది. నర్సమ్మ ఆ అరుపులోనే గాలి కొట్టింది. నూట నలభై ఆరు. నేను ఆయాసపడి కూలబడ్డాక, కాసేపాగి మళ్లీ కొట్టింది. నూట పద్ధెనిమిది.

తర్వాత బావ. నవ్వుతూ చెయ్యి చాపాడు. పట్టీ బిగిసింది, గాలి దిగింది. నర్సమ్మ పట్టీ విప్పి రెండో చేతికి చుట్టింది. కాసేపాగి మూడోసారి చూసింది.

"నూట ఎనభై ఎనిమిది. కింది అంకె నూట పన్నెండు."

బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నర్సమ్మ అప్పుడు చెప్పింది. కోపం వస్తే కాసేపు పెరుగుతుంది, చల్లారితే దిగుతుంది. ఇది అలాంటిది కాదు. రాత్రీ పగలూ, నిద్రలో కూడా, ఏళ్ల తరబడి గుండె ఎదురు తోసుకుంటూ ఉంటుంది. నొప్పి ఉండదు. తోసి తోసి గుండె గోడ దళసరెక్కిపోతుంది, రక్తం పారే నరాలు బిరుసెక్కిపోతాయి. వయసు, ఉప్పు, చుట్ట, తండ్రికి ఉండటం, ఇవన్నీ కలుస్తాయి. మనిషి మంచివాడా, కోపిష్టా అని అది చూడదు. ఒక్క మాట వల్ల మా అందరి చేతా ఇంత తప్పు జరిగిందని ఆవిడ అనలేదు, నాకే అనిపించింది. బీపీ అంటే కోపం అనుకుని అరిచేవాళ్లందరికీ కడియాలు తొడిగాం. మెత్తగా ఉన్నవాళ్లని వదిలేశాం.

రాత 10
గాలి జోరు. వాన మొదలైంది.

అంకెలు చూసి ఊరు ఒప్పుకుంది గానీ బావ ఒప్పుకోలేదు. నిన్న సభ అయ్యాక నర్సమ్మా మేమూ ఆయన ఇంటికి వెళ్లాం. మాత్ర అంటే ఎన్నాళ్లు వేసుకోవాలి అని అడిగాడు. ఉన్నన్నాళ్లూ అంది నర్సమ్మ. వేసుకుంటే గుండెపోటు రాదా అన్నాడు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"మీలాంటి పడవలు వంద బయల్దేరాయనుకోండి. ఇలాగే వదిలేస్తే పదేళ్లలో ఇరవై ఎనిమిది మునుగుతాయి. మాత్రలు, ఉప్పు తగ్గించడం, చుట్ట మానడం, అన్నీ చేస్తే పదిహేడు."

"అందులో నా పడవ ఉందో లేదో సెప్పలేరా?"

"చెప్పలేను."

బావ తల ఊపాడు. ఆ పదకొండు పడవల కోసం రోజూ మాత్రా అన్నాడు. మా నాన్న పోయినట్టు పోతే అంతకన్నా ఏం కావాలి, ఎవరినీ బాధపెట్టకుండా అన్నాడు. నేను మళ్లీ నోరు తెరవబోతుంటే వరాలు నా చెయ్యి నొక్కింది. ఆమె అప్పటిదాకా గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

"నాన్న పోయినప్పుడు అందరూ అదృష్టవంతుడన్నారు అన్నియ్యా. నాకప్పుడు పదకొండేళ్లు. నన్నెవరూ అదృష్టవంతురాలనలేదు."

అంతే అంది. ఆమె గొంతు కూడా అన్నయ్యదే, మెల్లగా ఉంటుంది. బావ మొహంలో నవ్వు పోవడం నేను మొదటిసారి చూశాను. నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా గట్టిగానే ఏడ్చాను, పక్క వరసవాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. బావ మాత్ర తీసుకుని, నీళ్లు అడిగి, మింగి, నోరు తెరిచి చెల్లెలికి చూపించాడు.

ఈ పొద్దున్న గొలుసులకి వేరేవాళ్లు దిగారు. బావ పైన నిలబడి తాడు పట్టుకుని, వాళ్లు ఊపిరికి పైకి తేలినప్పుడల్లా ఏ కొక్కెం ఎలా బిగించాలో చెప్పాడు. గాలి హోరులో ఆయన మాట వినపడక నన్ను పక్కన పెట్టుకున్నారు. ఆయన మెల్లగా చెప్పింది నేను అరిచి చెప్పాను. నా గొంతుకి మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది.

రాత 11
తుఫాను దాటింది. గొలుసులు నిలబడ్డాయి. నీళ్ల రుచి తెలియదు, నాకిప్పుడు సంబంధం లేదు.

తాళాలు ఒడ్డు నుంచి వచ్చిన మనిషికి పోయాయి. పంచాయతీ నన్ను ఉప్పు కుప్పల కాపలాకి వేసింది, ఆరు నెలలు. ఊరికే పట్టుకుపోకుండా, ఇంటికి ఇంత అని కొలిచి ఇవ్వాలి. తక్కువ ఇస్తున్నానని అందరూ నామీద అరుస్తున్నారు. అవతలివైపు నిలబడితే ఎలా ఉంటుందో తెలిసింది. బాగాలేదు.

కడియాలు మాలాంటి అరిచేవాళ్ల చేతుల్లోంచి తీసి, నర్సమ్మ పాత మిషనుతో అందరికీ చూసి మళ్లీ పంచింది. సగం మెత్తటివాళ్ల చేతులకే వెళ్లాయి. గుడి పూజారికి, లాలిపాటలు పాడే ముసలమ్మకి, ఎప్పుడూ సరే సరే అనే పంచాయతీ గుమాస్తాకి. తొడుక్కున్న ప్రతి ఒక్కరూ, నాకా, అని నాకేసి చూశారు. అదేదో నా దగ్గర్నుంచి అంటుకున్నట్టు.

బావకి రోజూ మాత్ర గుర్తుండదు. ఏ బాధా లేనివాడికి మందు ఎలా గుర్తుంటుంది? అందుకని పొద్దున్నే బల్లకట్టు అంచున నిలబడి, మూడు వరసల అవతలున్న ఆయన ఇంటికేసి అరుస్తాను, మాత్ర వేసుకున్నావా అని. ఆయన బయటికొచ్చి చెయ్యి ఊపుతాడు. ఊపేదాకా అరుస్తాను. చుట్టుపక్కలవాళ్లకి గడియారం అవసరం తీరిపోయింది. తిట్టుకుంటారు, కానీ నా అరుపుకి ఇంకో నలుగురు తమ మాత్రలు వేసుకుంటున్నారని నర్సమ్మ చెప్పింది.

రాత 12
గాలి చల్లగా ఉంది. బావ అంకె 18. ఇంకా దిగుతుందట.

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మూడు రోజులుగా జ్వరం, గొంతు పూర్తిగా పోయింది. ఊరు ఎంతో ప్రశాంతంగా ఉందట. ఉన్నానా పోయానా అని ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. చేపలావిడ కషాయం పట్టుకొచ్చింది. దాంట్లో ఉప్పు వేసింది.

పొద్దున్న మాత్ర వేళకి లేచి కూర్చున్నాను. వరాలు మళ్లీ పడుకోబెట్టింది. చేతులతో సైగలు చేశాను, నువ్వు వెళ్లి అడుగు అని. మా అన్నియ్య చిన్నపిల్లాడా అంది. నిన్నా మొన్నా కూడా నేను అరవలేదు, ఆయన వేసుకున్నాడో లేదో తెలియదు. పడుకున్నాను గానీ పదిహేడు పడవలూ కళ్లముందు కదులుతున్నాయి.

అంతలో బయటినుంచి ఒక అరుపు వినపడింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. జీరబోయిన గొంతు, అరవడం అలవాటు లేనిది, మధ్యలో విరిగింది. వరాలు చేతిలో గరిటె అలాగే పట్టుకుని గుమ్మంలోకి వెళ్లింది. వరసల వెంట తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. జనం బయటికొస్తున్నారు. ఈ ఊళ్లో ఎవ్వరూ, మా ఆవిడతో సహా, ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు.

"బావోయ్! మాత్ర ఏసేసుకున్నాను!"

వరాలు వెనక్కి తిరిగి నాకేసి చూసి, వినపడిందా మావా అంది. కళ్లు మూసుకుని, వినపడనట్టు పడుకున్నాను, ఇంకొకసారి అరుస్తాడేమోనని.